నాస్కార్ - సేద్యపు విభాగం కార్ల కథ

ఫార్ములా వన్ చూసే మిత్రుల దగ్గర నాస్కార్ పేరెత్తితే చాలు, మొహం అదోలా పెడతారు. "మూడు నాలుగు గంటలు ఎడమ పక్కకి తిరగడం కూడా ఒక రేసేనా?" అని ఒకరు, "అది పల్లెటూరి తెల్లవాళ్ళ గోల, మనకెందుకండీ?" అని ఇంకొకరు. మొదటి ప్రశ్నకి జవాబు నోటితో చెప్పేది కాదు. ఒక్కసారి స్టాండ్స్ లో కూర్చుంటే, దాదాపు నలభై వి-8 ఇంజన్లు ఒకేసారి ముందునుంచి వెళ్ళినప్పుడు పక్కటెముకలకి తెలుస్తుంది. రెండో ప్రశ్నలో మాత్రం సరుకుంది.

నేనుండేది షార్లెట్ లో. ఇక్కడ మనవాళ్ళు చాలామంది బ్యాంకుల సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేస్తున్నారు, నాతో సహా. నాస్కార్ టీముల్లో ఎక్కువ భాగం ఈ ఊరి చుట్టూనే, కాంకర్డ్, మూర్స్‌విల్ లాంటి చోట్ల ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్ళుగా ఉంటూ ఒక్క రేసూ చూడనివాళ్ళు మనలో బోలెడు మంది. చూడకపోతే కొంపేం మునగదు. కానీ అమెరికాలో ఇంతకన్నా వేగమైనవీ, డబ్బున్నవీ, పెద్ద పేరున్నవీ కారు రేసులు ఉండగా ఈ మొరటు రేసు వాటన్నిటినీ తోసుకుని పైకెలా వచ్చింది, వచ్చాక ఎందుకు జారింది అన్నది మాత్రం తెలుసుకోదగ్గ కథ. నా లెక్కలో పైకి రావడానికి అసలు కారణాలు రెండే. చూసేవాడి ఇంటి ముందున్న కారే రింగులోనూ ఉండటం ఒకటి, రూల్స్ పుస్తకం ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉండటం రెండోది. మిగతాదంతా, అంటే ఒక సిగరెట్ల చట్టమూ ఒక మంచు తుఫానూ, అదృష్టం.

మా ప్రకాశం జిల్లా వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి మొదటి కారణం విడమర్చి చెప్పక్కర్లేదు. తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల జత బండ లాగుతుంటే చుట్టూ మూగిన రైతులు ఊపిరి బిగబట్టి చూస్తారు. గుర్రప్పందెం చూపిస్తే అంత ఆసక్తి ఉండదు. ఎందుకంటే అదే జాతి ఎద్దు వాళ్ళ కొట్టంలోనూ ఉంది (ఒకప్పుడు ఉండేది). ఏ కాలు తడబడిందో, ఎక్కడ బిగబట్టిందో వాళ్ళకి తెలుసు. ఈ పోటీల్లో "సేద్యపు విభాగం" అని ఒకటుంటుంది. పేరుకి పొలం దున్నే ఎడ్ల కోసం. ట్రాక్టర్లొచ్చాక ఆ ఎడ్లలో ఎన్ని నాగలి మొహం చూశాయో అడక్కండి. స్టాక్ కారు అంటే కూడా అచ్చంగా అదే. స్టాక్ అంటే షోరూములో అమ్మకానికి ఉన్న సరుకు. ఇండియానాపోలిస్ లో 1911 నుంచీ జరుగుతున్న 500 మైళ్ళ రేసు కార్లు ప్రత్యేకంగా తయారు చేయించుకునేవి, వాటికి డబ్బున్న యజమాని కావాలి. స్టాక్ కారుకి కావలసింది ఒక ఫోర్డు, ఒక పానా, కాస్త తెగింపు.

ఆ తెగింపు ఎక్కడిదంటే, చాలావరకు నాటుసారా నుంచి. అమెరికాలో మద్యనిషేధం 1920 నుంచి 1933 దాకా నడిచింది. అది ఎత్తేశాక కూడా పన్నులు తప్పించుకోడానికీ, నిషేధం కొనసాగిన కౌంటీల్లో అమ్ముకోడానికీ ఈ కొండల్లో బట్టీలు వెలుగుతూనే ఉన్నాయి. సరుకు రాత్రిపూట ఊళ్ళకి చేరాలి, వెనక పోలీసులు పడతారు. అందుకని ఫోర్డ్ వి-8 కూపేల ఇంజన్లకి పదును పెట్టేవాళ్ళు, సరుకు బరువుకి వెనక భాగం కుంగి అనుమానం రాకుండా స్ప్రింగులు గట్టివి బిగించేవాళ్ళు. (ఈ స్ప్రింగుల్ని గుర్తుపెట్టుకోండి, పనుంది.) ఇక్కడికి ఉత్తరంగా ఉన్న విల్క్స్ కౌంటీ కుర్రాడు జూనియర్ జాన్సన్ అలా తయారైన డ్రైవరే. 1956లో వాళ్ళ నాన్న బట్టీ దగ్గర పట్టుబడి ఒహాయో జైల్లో పడ్డాడు. బయటికొచ్చి మళ్ళీ రేసులు నడిపి మొత్తం 50 గెలిచాడు. 1965లో టామ్ వుల్ఫ్ అతని మీద ఎస్క్వైర్ పత్రికలో పెద్ద వ్యాసం రాస్తే న్యూయార్క్ వాళ్ళకి కూడా తెలిశాడు. 1986లో రేగన్ క్షమాభిక్ష పెట్టి పాత కేసు మాఫీ చేశాడు. డ్రైవర్లందరూ సారా రవాణా చేసినవాళ్ళేం కాదు గానీ, కథ అమ్ముడుపోయింది ఆ రంగుతోనే.

ఇహ రెండో కారణం, రూల్స్ పుస్తకం. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ లో బిల్ ఫ్రాన్స్ అని ఒక ఆజానుబాహుడు ఉండేవాడు, మెకానిక్కూ, రేసర్ కూడా. ఆ రోజుల్లో రేసు పెట్టినవాడు గేటు డబ్బులు సంచిలో వేసుకుని రేసు అవకముందే ఉడాయించడం మామూలు. ఒక్కో ఊళ్ళో ఒక్కో రూలు, ఊరికో ఛాంపియన్. 1947 డిసెంబర్లో ఫ్రాన్స్ అందరినీ డేటోనాలో స్ట్రీమ్‌లైన్ హోటల్ కి పిలిచి ఒకే రూల్స్, ఒకే పాయింట్ల పట్టిక అని ఒప్పించాడు. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ రిజిస్టర్ అయింది. పేరులో "సంఘం" అని ఉంటుంది గానీ అది ప్రైవేటు కంపెనీ. పగ్గాలు ఫ్రాన్స్ కుటుంబానివి, ఇప్పటికీ ఆ కుటుంబానివే.

మొదటి "కచ్చితంగా స్టాక్" రేసు 1949 జూన్ 19న మా షార్లెట్ లోనే, ఇప్పటి ఎయిర్‌పోర్ట్ దాపుల్లో ఉన్న ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద జరిగింది. గ్లెన్ డనవే అనే అతను ఫోర్డులో అందరికన్నా ముందొచ్చాడు. తనిఖీలో కారు వెనక స్ప్రింగులు మార్చినట్టు తేలింది. అవే, సారా స్ప్రింగులు! డనవేని కొట్టేసి, కాన్సాస్ నుంచి లింకన్ కారు వేసుకొచ్చిన జిమ్ రోపర్ ని విజేతగా ప్రకటించారు. డనవే కారు ఓనరు 10,000 డాలర్లకి దావా వేస్తే కోర్టు కొట్టేసింది. తన పోటీకి తన రూల్స్ పెట్టుకునే హక్కు నాస్కార్ కి ఉందని తేలింది. నా దృష్టిలో స్టాక్ కారు చరిత్రలో అన్ని రేసులకన్నా పెద్ద గెలుపు అదే. ఆ రోజు తీర్పు అటుదైతే మిగతా కథ లేదు.

ఆ హక్కుని ఫ్రాన్స్ ఎలా వాడాడో కూడా చెప్పుకోవాలి. 1961లో కర్టిస్ టర్నర్ అనే పేరున్న డ్రైవరు టీమ్‌స్టర్స్ యూనియన్ ని తీసుకొచ్చి డ్రైవర్లకి సంఘం పెట్టబోతే జీవితకాల నిషేధం పడింది (1965లో ఎత్తేశారు, జనం రావడం తగ్గాక). 1969లో అలబామాలోని టల్లడేగాలో కొత్త ట్రాక్ తెరిచారు. దాని మీద వేగం గంటకి 200 మైళ్ళకి దగ్గరపడి టైర్లు చీలికలు పేలికలవుతున్నాయి. రిచర్డ్ పెట్టీ నాయకత్వంలో పెద్ద డ్రైవర్లు దాదాపు అందరూ ప్రాణాలతో చెలగాటం మావల్ల కాదని వెళ్ళిపోయారు. ఫ్రాన్స్ ఏం చేశాడు? వేరే చిన్న విభాగం వాళ్ళనీ కొత్త మొహాల్నీ దింపి రేసు జరిపించేశాడు. చూడ్డానికొచ్చిన వాళ్ళకి అదే టికెట్టు మీద ఇంకో రేసుకి రమ్మన్నాడు. దౌర్జన్యమే, అనుమానం లేదు. కానీ జనానికి రేసు దొరికింది.

దీని పక్కన 2005 జూన్ 19 పెట్టి చూడండి (తేదీ కూడా అదే, చూశారా). ఇండియానాపోలిస్ లో ఫార్ములా వన్. ఇక్కడా టైర్ల గొడవే. ఏటవాలుగా ఉన్న ఆఖరి మలుపులో మిషెలిన్ టైర్లు తట్టుకోవట్లేదు. మలుపు ముందు వేగం తగ్గించే ఏర్పాటు చెయ్యమని టీములు, రూల్స్ మార్చేది లేదని ఎఫ్ఐఏ. ఎవరికి వాళ్ళు పెద్దమనుషులే, తేల్చే యజమాని ఒక్కడూ లేడు. రేసు మొదలవబోయే ముందు 14 కార్లు గ్యారేజీలోకి వెళ్ళిపోయాయి. మిగిలిన ఆరు కార్లు లక్ష పైచిలుకు జనం తిట్ల మధ్య తిరిగాయి. మన నరేన్ కార్తికేయన్ జోర్డాన్ కారులో నాలుగో స్థానంలో వచ్చింది ఆ రేసులోనే. అన్నట్టు, ఇదే కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్కుల సిరీస్ కి వచ్చి, ఆ సీజన్ లో సగం రేసులు కూడా ఆడకుండా "అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవర్" బహుమతి కొట్టుకుపోయాడు. ఆ ఎంపిక ఆన్‌లైన్ వోటింగ్ ద్వారా జరిగింది. మన జనాభాతో పెట్టుకుంటే అంతే మరి :)

సరే, అసలు పోటీదారు ఫార్ములా వన్ కాదు, ఇండీ కార్లు. అమెరికాలో రేసు అంటే 1970ల దాకా ఇండియానాపోలిసే. తర్వాత జరిగింది మన వృత్తిలో వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది: ఫోర్క్. టీముల యజమానులు 1979లో కార్ట్ అని సొంత కుంపటి పెట్టుకున్నారు. అది బాగానే నడిచింది. 1993లో నైజెల్ మాన్సెల్ లాంటి ఫార్ములా వన్ ఛాంపియన్ వచ్చి ఆడాడంటే చూడండి. అయితే సిరీస్ ఒకరిది, ఇండియానాపోలిస్ ట్రాక్ ఇంకొకరిది. ట్రాక్ ఓనరు టోనీ జార్జ్ 1996లో ఐఆర్ఎల్ అని వేరే సిరీస్ మొదలెట్టి, 33 కార్లు పట్టే ఇండీ 500లో 25 చోట్లు తన సిరీస్ వాళ్ళకే అట్టిపెట్టాడు. కార్ట్ వాళ్ళు రోషంతో అదే రోజు మిషిగన్ లో పోటీ రేసు పెట్టుకున్నారు, అక్కడ మొదలవకముందే బోలెడు కార్లు గుద్దుకున్నాయి. పేరు ఒక చోట, స్టార్లు ఇంకో చోట. రెండు రెపాజిటరీలూ మళ్ళీ కలవడానికి 2008 దాకా పట్టింది. ఈలోగా యూజర్లు వెళ్ళిపోయారు. నాస్కార్ మాత్రం ఫోర్క్ అవలేదు. ఎందుకంటే కాపీ చేసుకునే లైసెన్సు ఎవరికీ లేదు.

ఇప్పుడు అదృష్టం సంగతి. టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు 1971 జనవరి 2 నుంచి నిషేధం. వింస్టన్-సేలంలో ఉన్న ఆర్.జె.రేనాల్డ్స్ కంపెనీ దగ్గర ప్రకటనల డబ్బు మూలుగుతోంది, పెట్టే చోటు లేదు. అప్పటికి టీము ఓనరైన జూనియర్ జాన్సన్ తన కారుకి స్పాన్సర్ చెయ్యమని వెళితే, వాళ్ళ దగ్గరున్న డబ్బుకి ఒక కారు ఏ మూలకీ చాలదని తేలింది. మొత్తం సిరీసే వింస్టన్ కప్ అయిపోయింది, 2003 దాకా అదే పేరు. కంపెనీవాళ్ళు బూజు పట్టిన ట్రాకులకి ఎర్ర తెల్ల రంగులేశారు, బహుమతుల నిధి పెంచారు. 48 రేసుల చిందరవందర షెడ్యూలు 1972లో 31 రేసులకి కుదిరింది. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా మా ఊరు గుర్తొస్తుంది. ఇక్కడ పల్లెల్లో ఇంకా నిలబడి ఉన్న పాత పొగాకు బ్యారన్లు అచ్చం మావైపు వాటికి అన్నల్లా ఉంటాయి, మేం పండించే రకాన్ని కూడా వర్జీనియా అనే అంటాం కదా. పొగాకు డబ్బుతో పిల్లల చదువులు గట్టెక్కిన ఇళ్ళ వాళ్ళం, ఆ డబ్బుని తిట్టడానికి నాకు నోరు రాదు, మెచ్చుకోడానికి అసలే రాదు.

మంచు తుఫాను 1979 ఫిబ్రవరి 18న వచ్చింది. డేటోనా 500ని సీబీఎస్ మొదటిసారి మొదలు నుంచి చివరిదాకా లైవ్ లో చూపించింది. దేశం తూర్పు భాగమంతా మంచులో కూరుకుపోయి జనం ఇళ్ళల్లో కదలకుండా ఉన్నారు, చూడ్డానికి వేరే దిక్కు లేదు. ఆఖరి రౌండులో ముందున్న డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో ఒకర్నొకరు గుద్దుకుని ఆగిపోయారు, వెనకాల ఎక్కడో ఉన్న రిచర్డ్ పెట్టీ వచ్చి గెలిచేశాడు. ఇటు డానీ, కేల్, డానీ అన్న బాబీ పచ్చిక మీద కలబడి కొట్టుకుంటున్నారు, అదంతా దేశం చూస్తోంది. ఆ తర్వాతి పాతికేళ్ళూ ఎదుగుదలే. 1994లో ఇండియానాపోలిస్ గడ్డ మీదే స్టాక్ కార్లు పరిగెత్తాయి, 2001 నుంచి టీవీ హక్కులు వందల కోట్ల డాలర్లకి పోయాయి. 2006 డేటోనా 500ని అమెరికాలో సగటున 1 కోటి 94 లక్షల మంది చూశారు.

ఈ ప్రజాదరణలో "ప్రజ" ఎవరు అన్న ప్రశ్న ఒకటుంది. మొదట్లో మిత్రుడు అడిగిన రెండో ప్రశ్నలో సరుకుందన్నది అందుకే. వర్జీనియాలోని డాన్‌విల్ కి చెందిన వెండెల్ స్కాట్ నల్లజాతి మెకానిక్, టాక్సీ డ్రైవరు, సారా కూడా తోలినవాడు. పాత కార్లు తనే బాగుచేసుకుంటూ పెద్ద సిరీస్ లో 495 రేసులు నడిపాడు. 1963 డిసెంబర్ 1న జాక్సన్‌విల్ లో అందరికన్నా రెండు రౌండ్లు ముందు గెలిచాడు. జెండా మాత్రం బక్ బేకర్ కి ఊపారు. జనం వెళ్ళిపోయాక, కొన్ని గంటల తర్వాత, లెక్క తప్పింది గెలిచింది స్కాటే అని చెప్పి డబ్బు చేతిలో పెట్టారు. కప్పు అప్పటికే వెళ్ళిపోయింది. 1959లో మొదటి డేటోనా 500లో కూడా విజేతని తప్పు చెప్పారు, ఫోటోలూ ఫిల్మూ తిరగేసి మూడు రోజుల్లో లీ పెట్టీకి న్యాయం చేశారు. స్కాట్ 1990లో చనిపోయాడు. నాస్కార్ ఆ రేసు కప్పుని అతని కుటుంబం చేతిలో పెట్టింది 2021 ఆగస్టులో. అదే ఏడు అక్టోబర్లో టల్లడేగాలో బబ్బా వాలెస్ గెలిచాడు, ఈ సిరీస్ లో నల్లజాతి డ్రైవరు గెలవడం అది రెండోసారి. మధ్యలో 58 ఏళ్ళు. ట్రాకుల్లో కాన్ఫెడరేట్ జెండాలని నిషేధించింది 2020లో. నేను రేసులకి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో పార్కింగులో ఆ జెండాలు బారులు తీరి ఉండేవి. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, ఒకాయన పిలిచి మొక్కజొన్న కండె కూడా పెట్టాడు, అయినా పిల్లల చెయ్యి వదిలి నడిచింది లేదు.

ఇహ జారుడు సంగతి. దీనికి మంచి కారణాలూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. 2000 మే లో లీ పెట్టీ మునిమనవడు, 19 ఏళ్ళ ఆడమ్ పెట్టీ ప్రాక్టీసులో చనిపోయాడు. పది నెలల్లో ఇంకో ముగ్గురు, ఆఖరివాడు డేల్ ఎర్న్‌హార్ట్, 2001 డేటోనా 500 ఆఖరి మలుపులో. ఆ తర్వాత తల కదలకుండా పట్టే పరికరం తప్పనిసరి చేశారు, గోడలకి మెత్తటి కంచె కట్టారు, 2007లో కారు డిజైనే మార్చారు. ఎర్న్‌హార్ట్ తర్వాత కప్ సిరీస్ రేసుల్లో ఒక్క ప్రాణమూ పోలేదు. కానీ కార్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టయ్యాయి. షెవర్లేకీ ఫోర్డుకీ తేడా బొమ్మ స్టిక్కర్లో మాత్రమే. ఆ బేరం నాకైతే సమ్మతమే, జనానికి మాత్రం ఏదో పోయినట్టనిపించింది.

చెడ్డ కారణం, సొంతూరు వదిలెయ్యడం. జూనియర్ జాన్సన్ ఊరి పక్కనే ఉన్న నార్త్ విల్క్స్‌బరో ట్రాకుని కొనుక్కున్నవాళ్ళు 1996 తర్వాత దాని రేసుల్ని టెక్సాస్ కీ న్యూ హాంప్‌షైర్ కీ పట్టుకుపోయారు. 2004లో రాకింగ్‌హామ్ పోయింది. లేబర్ డే నాడు డార్లింగ్టన్ లో 1950 నుంచీ జరిగే రేసుని కాలిఫోర్నియాకి మార్చారు (2015లో వెనక్కి తెచ్చారు). కొత్త జనం కోసం పాతవాళ్ళని వదిలారు, కొత్త జనం నాలుగేళ్ళు చూసి వెళ్ళిపోయారు. ఈలోగా ఫార్ములా వన్ వాళ్ళకి నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2019 నుంచి కలిసొచ్చింది, మయామీ, లాస్ వేగస్ లు చేరాయి. ఇప్పటికీ అమెరికా టీవీలో మామూలు ఆదివారం నాస్కార్ చూసేవాళ్ళే ఎక్కువ. కానీ 2025లో డేటోనా 500 చూసినవాళ్ళు 70 లక్షల లోపే, అదే ఏడు ఇండీ 500 చూసినవాళ్ళు 70 లక్షల పైన. ఫోర్క్ అయి చితికిపోయిన ప్రాజెక్టు ముందుకొచ్చింది, చూడండి.

రూల్స్ పుస్తకం ఒకే ఇంట్లో ఉండటం మీద కూడా మళ్ళీ కోర్టుకెక్కారు. 2024లో మైకేల్ జోర్డాన్ వాటాదారుగా ఉన్న టీమూ ఇంకో టీమూ గుత్తాధిపత్యం అని కేసు వేశాయి. విచారణ ఈ షార్లెట్ లోనే జరిగింది, 2025 డిసెంబర్లో మధ్యలోనే రాజీ కుదిరింది, టీములకి శాశ్వత హక్కులు దక్కాయి. 1949లో ఆ కారు ఓనరుకి దొరకనిది ఇన్నాళ్ళకి కొంత దొరికిందన్నమాట.

ఇంటి ముందు కారు సంగతంటారా? 2007 నుంచి టొయోటా కామ్రీ కూడా నాస్కార్ లో ఉంది. అంటే అమెరికాలో మనవాళ్ళ జాతీయ వాహనం! అయితే రేసు కామ్రీ ఇంజను వి-8, తిరిగేది వెనక చక్రాలు. మన కామ్రీకి ఆ ఇంజనూ లేదు, తిరిగేవి ముందు చక్రాలు. హెడ్‌లైట్లు స్టిక్కర్లు. ఇంతా చేసి ఈ రేసు కార్లకి 2011 దాకా కార్బ్యురేటరే ఉండేది, మన మారుతి 800 దాన్ని ఎప్పుడో వదిలేసింది. సేద్యపు విభాగం ఎడ్లే.

నార్త్ విల్క్స్‌బరోలో పాతికేళ్ళు పిచ్చిమొక్కలు పెరిగాయి. ప్రభుత్వ సొమ్ముతో బాగుచేసి 2023లో ఒక ప్రదర్శన రేసు పెట్టారు, 2026 షెడ్యూలులో 1996 తర్వాత మొదటి పాయింట్ల రేసు ఇచ్చారు. షార్లెట్ నుంచి గంటన్నర లోపే. ఈ వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వెళ్ళాలనుకుంటే ఒక ముక్క చెప్పండి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.